కర్నూలు రెండు రూపాయల డాక్టర్: అలాంటి ప్రాక్టీసు ఇప్పుడు కుదిరే పనేనా?

రాజవిహార్_సెంటర్ | శుక్రవారం రాత్రి 9:12

కర్నూలు వాళ్లకు డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ గారి గురించి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. బయటివాళ్ల కోసం నాలుగు ముక్కలు. కర్నూలు మెడికల్ కాలేజీలోనే ఎంబీబీఎస్, ఎండీ చేశారు. అక్కడే పాఠాలు చెప్పారు. తర్వాత సర్కారు ఉద్యోగం స్వచ్ఛందంగా వదిలేసి కేఎం హాస్పిటల్ అని సొంతంగా నర్సింగ్ హోం పెట్టుకున్నారు. మొదట్లో తీసుకున్నది రెండు రూపాయలు. ఆ పేరే చివరిదాకా ఉండిపోయింది. తర్వాత రోజుల్లో పది, ఇరవై, ఎవరికి తోచింది వాళ్లు ఇచ్చేవాళ్లు. ఎంత ఇచ్చారో ఆయన చూసుకునేవారు కాదు. ఇవ్వలేనివాళ్లనూ చూసి పంపేవారు. 2020 ఏప్రిల్ 14న, 76 ఏళ్ల వయసులో కరోనాతో పోయారు.

ఈ టాపిక్ ఇప్పుడెందుకంటే, నీట్ కోచింగ్‌లో ఉన్న మా పక్కింటి కుర్రాడు ఒక ప్రశ్న వేశాడు. "అంకుల్, రెండు రూపాయలు తీసుకుంటే కరెంటు బిల్లు ఎట్లా కడతారు?" అని. నా దగ్గర జవాబు లేదు. దయచేసి "మహానుభావుడు", "దేవుడు" అని దండలు వేసి వెళ్లిపోకండి. తెలిసినవాళ్లు లెక్క చెప్పండి.

నడిగడ్డ_రైతు | 9:48

మాది గద్వాల దిక్కు. తుంగభద్ర దాటితే కర్నూలే. హైదరాబాద్ కంటే మాకు అదే దగ్గర. రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా జనం ఆయన దగ్గరికి వచ్చేటోళ్లు.

మా అమ్మకు షుగరు. ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ఆమె తన జబ్బు సంగతి కోడలి మీద చాడీలతో మొదలుపెడుతుంది. వేరే చోట్ల రెండో మాటకే "టెస్టులు రాస్తున్నా, చేయించుకుని రండి" అంటారు. ఇక్కడ ఆమెను చెప్పనిచ్చారు. ఆ చాడీల మధ్యలోనే కాలి మీద పుండు మాట బయటికొచ్చింది. ఆ పుండు సంగతి ఇంట్లో మాకే తెలియదు.

ఇంకో మాట. ఫీజు రెండా, ఇరవయ్యా అన్నది మాకు పెద్ద లెక్క కాదు. బస్సు చార్జీ ఇద్దరికి, ఒక రోజు కూలీ పోవడం, బయట తినడం, ఇవన్నీ కలిపితే ఫీజు ఎక్కడో అడుగున ఉంటుంది. మాకు కలిసొచ్చింది, ఒక్కసారి పోతే పని అయిపోవడం. రేపు రా, రిపోర్టు తీసుకొని రా అనేది తక్కువ.

మెడికల్_షాపు_మామ | 10:20

రైతన్న సరిగ్గా పట్టుకున్నాడు. నాకు ఆదోనిలో మందుల షాపు. కౌంటర్ ఇవతల నిలబడితే డాక్టర్ల సంగతి డాక్టర్ల కంటే బాగా తెలుస్తుంది.

మామూలు వైరల్ జ్వరానికి రెండు రకాల చీటీలు వస్తాయి నా దగ్గరికి. ఒకదాంట్లో పారాసెటమాల్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, కింద తెలుగులో "మూడు రోజుల్లో తగ్గకపోతే రండి" అని. యాభై లోపు బిల్లు. రెండోదాంట్లో అదే పారాసెటమాల్‌తో పాటు యాంటీబయాటిక్, గ్యాస్ మాత్ర, బి-కాంప్లెక్స్, దగ్గు లేకపోయినా ఒక సిరప్, "పొట్ట కోసం" ఒక ప్రోబయాటిక్. ఆరేడు వందలు. రోగి రెండు చోట్లా మూడో రోజుకే లేచి తిరుగుతాడు. రెండో డాక్టర్ ఫీజు మూడు వందలు అనుకోండి, జనం ఆ మూడు వందల గురించే మాట్లాడుకుంటారు. చీటీ గురించి ఎవరూ మాట్లాడరు.

కాబట్టి రెండు రూపాయల డాక్టర్ అంటే నా దృష్టిలో చిన్న చీటీ డాక్టర్. షాపువాణ్ణి కాబట్టి నాకు ఇది నష్టమే అనుకోండి :)

రెప్_రోజులు | 10:41

మామా, నేను ఒకప్పుడు బ్యాగు మోసినవాణ్ణి. మెడికల్ రెప్‌గా, అంటే కంపెనీ మందులు రాయమని డాక్టర్లను అడిగే మనిషిగా, రాయలసీమలో తిరగని సందు లేదు. చిన్న చీటీ డాక్టర్ల క్లినిక్‌లో మాకు బెంచీ దొరకదు, రోగులే నిండి ఉంటారు. రాత్రి పదకొండుకు "రా నాయనా, రెండు నిమిషాలు" అని పిలిచి, మేం చెప్పేదంతా విని, శాంపిళ్లు ఉంటే పెట్టిపొమ్మనేవారు. ఆ శాంపిళ్లు మర్నాడు ఏ ముసలమ్మ సంచిలోకో వెళ్లిపోయేవి. మా మేనేజర్ "ఆయన్ని కన్వర్ట్ చేయలేవా, మన మందులే రాసేలా" అని చంపేవాడు.

అసలు డబ్బు ల్యాబు దగ్గర ఉంటుంది. పంపిన ప్రతి స్కానింగుకూ నెలాఖరున కవరు. 2024 మార్చిలో మందుల కంపెనీల మార్కెటింగ్‌కు కేంద్రం కొత్త కోడ్ తెచ్చింది, డాక్టర్లకు బహుమతులు, టూర్లు ఇవ్వకూడదని. కానీ అది కంపెనీల గురించి. ఊళ్లో ల్యాబు కవరును అది ఆపదు.

హౌస్‌సర్జన్_బాధలు | 11:05

లెక్క అడిగారుగా, చెప్తాను. కాస్త చేదుగా ఉంటుంది.

రోజుకు వందమంది అనుకుందాం. తలా ఇరవై. రెండు వేలు. నెలకు పాతిక రోజులు, యాభై వేలు. అందులో ఒక కాంపౌండరు, ఒక నర్సు, ఊడ్చే మనిషి, కరెంటు, అద్దె. డాక్టర్ చేతికి మిగిలేది దాదాపు సున్నా. సొంత బిల్డింగు ఉంటే కాస్త ఊపిరాడుతుంది. అంటే ఇలాంటి ప్రాక్టీసుకు ఇంకో కాలు ఉండి తీరాలి.

కర్ణాటకలో మండ్య శంకరేగౌడ గారి సంగతి చూడండి. ఐదు రూపాయల డాక్టర్, చర్మవ్యాధుల నిపుణుడు, రోడ్డు పక్కనే కూర్చుని చూస్తారు. ఆయనకు ఊళ్లో వ్యవసాయం ఉంది. చెన్నై వ్యాసర్పాడిలో తిరువేంగడం వీరరాఘవన్ గారు 1973లో రెండు రూపాయలతో మొదలుపెట్టారు, 2020లో పోయేదాకా చూశారు. ఆయన వేరే ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తూ ఈ క్లినిక్ నడిపారు.

ఇప్పుడు నా సంగతి. ప్రైవేటు కాలేజీలో బి కేటగిరీ (మేనేజ్‌మెంట్) సీటు. ఏడాదికి 12 లక్షల పైనే, హాస్టలు అదనం. నాన్న పొలం బ్యాంకులో ఉంది. తర్వాత పీజీ చేయకపోతే పెళ్లిళ్లలో కూడా "ఉత్త ఎంబీబీఎస్సా" అంటారు. ఈ టాపిక్ చదివే పెద్దలు "ఈ కాలం పిల్లలకు సేవాభావం లేదు" అనే ముందు ఈ అంకె ఒకసారి చూసుకోండి.

రాజవిహార్_సెంటర్ | 11:19

తమ్ముడూ, చేదేమీ కాదు. నేను అడిగిందే ఇది. ఒకటి గమనించావా? కర్నూలు మెడికల్ కాలేజీ 1957లో వచ్చింది, సర్కారు కాలేజీ. ఇస్మాయిల్ హుస్సేన్ గారు అందులోనే చదివారు. ఆయన మీద కోటి రూపాయల అప్పు లేదు. ఆ రెండు రూపాయల ఫీజులో మిగతా డబ్బు జనం ఎప్పుడో పన్నుల రూపంలో కట్టేశారన్నమాట.

హౌస్‌సర్జన్_బాధలు | 11:24

అవును సార్. వీరరాఘవన్ గారు కూడా ఇదే అనేవారట, తాను పైసా ఖర్చు లేకుండా చదువుకున్నానని, అది అప్పటి మద్రాసు రాష్ట్రంలో కామరాజ్ ప్రభుత్వం పుణ్యమని. చెన్నై స్టాన్లీ మెడికల్ కాలేజీ ఆయనది.

గుంటూరు_గురవయ్య | శనివారం ఉదయం 6:30

ఆరోగ్యశ్రీ ఉండగా ఈ పది రూపాయల డాక్టర్లు ఎందుకండీ? కార్పొరేట్ ఆసుపత్రిలోనే ఫ్రీగా చేస్తుంటే.

పీహెచ్‌సీ_సిస్టర్ | 8:02

గురవయ్య గారూ, ఆరోగ్యశ్రీ 2007లో వచ్చిన నాటి నుంచీ ప్రధానంగా ఆపరేషన్లకు, పెద్ద జబ్బులకు. గుండెకు స్టెంటు వేస్తారు. ఆ గుండె పాడవకుండా పదేళ్లు బీపీ మాత్ర రాసే మనిషికి అందులో చోటు చిన్నది. జ్వరం, విరేచనాలు, షుగరు, బీపీ, మోకాలి నొప్పి, మన జనం జేబులోంచి కారిపోయేది వీటికే. దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం సొంత జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం ఉండేది, 2021-22కు 39.4కు దిగిందని కేంద్రం లెక్క. దిగినా, ఇంకా వందకు నలభై.

ఇక నేను చెప్పాలనుకున్నది. ఈ టాపిక్ చూస్తుంటే నాకు కొంచెం మంట. మా పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఓపీ ఉచితం. రెండు రూపాయలు కూడా లేదు. మందులూ ఉచితమే. మా డాక్టరమ్మ రోజూ వస్తుంది, బాగా చూస్తుంది. ఆమె మీద ఎవరూ పోస్టు పెట్టరు. "జీతం తీసుకుంటోంది కదా" అంటారు. జీతానికి బాగా పనిచేస్తే సేవ కాదా?

బాపట్ల_అమ్మాయి | 8:30

సిస్టర్ గారి మంట న్యాయమే. కానీ ఉచితంగా ఉన్న పీహెచ్‌సీ వదిలి డబ్బిచ్చి మరీ వాళ్ల దగ్గరికి ఎందుకు వెళ్తున్నారు జనం? ఇది తిట్టడానికి కాదు, నిజంగా అడుగుతున్నా.

పీహెచ్‌సీ_సిస్టర్ | 8:51

ఓపీ టైమింగు. అంతే. మాది ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు. కూలికి పోయేవాళ్లు ఆ వేళకు పొలంలో ఉంటారు. ఇస్మాయిల్ గారు రాత్రి ఆఖరి మనిషి వెళ్లేదాకా కూర్చునేవారు, అర్ధరాత్రి దాటినా. ఎండ తగ్గాక, కూలి డబ్బులు చేతికొచ్చాక, పిల్లలకు ఇంత అన్నం పెట్టాక వచ్చే మనిషికి ఆ వేళకు తలుపు తెరిచి ఉన్నది ఆయన దగ్గరే. నేను ఆయన్ని మెచ్చుకునేది ఫీజుకు కాదు, దీనికి.

రెప్_రోజులు | 9:10

కరెక్ట్! రాత్రి తొమ్మిది దాటితే చిన్న టౌన్లలో మిగిలేది డిగ్రీ లేని ఆర్ఎంపీ, లేదంటే కార్పొరేట్ క్యాజువాలిటీ. మధ్యలో ఏమీ లేదు.

బాపట్ల_అమ్మాయి | 9:37

అయితే నేను ఇంట్లోంచి చెప్తాను. మా నాన్న గారు కూడా ఒక చిన్న ఊళ్లో ఇదే రకం ప్రాక్టీసు చేశారు. పేరు రాయను, ఆయనకు ఇష్టం ఉండదు.

రాత్రి తలుపు కొట్టని రోజు ఉండేది కాదు. అమ్మ లేచి ముందు వంటింట్లో లైటు వేసేది, టీ పెట్టాలో, సిరంజి మరగబెట్టాలో చూసి. ఆ రోజుల్లో స్టీలు డబ్బాలో గాజు సిరంజీలు. ఫీజు బదులు వచ్చేవి వేరుశనక్కాయలు, సొరకాయలు, చేపలు. ఒకాయన కాన్పుకని కోడిపుంజు తెచ్చి గేటుకు కట్టేసి వెళ్లాడు, మా తమ్ముడు దానికి పేరు పెట్టుకున్నాడు, ఇక కోయడానికి లేదు. ఇలాంటివి చెప్తే అందరూ "ఎంత బాగుందో" అంటారు.

బాగున్నదే. కానీ నా స్కూలు ఫీజు సొరకాయలతో కట్టలేదు. అమ్మ ట్యూషన్లు చెప్పింది. పుట్టింటివాళ్లు ఇచ్చిన ఎకరం అమ్మారు, అది అమ్మ పేరు మీద ఉన్నది. ఊళ్లో సన్మానాలు నాన్నకు జరిగాయి, శాలువాలు బీరువా నిండా ఉన్నాయి. ఇలాంటి డాక్టర్ల మీద రాసేటప్పుడు ఇంట్లో ఆ "ఇంకో కాలు" ఎవరో కూడా ఒక లైను రాయండి. ఎక్కువ శాతం భార్యే.

మళ్లీ చెప్తున్నా, ఫిర్యాదు కాదు. నాన్న అలా ఉండకపోతే నాకు నచ్చేవారు కాదు.

మెడికల్_షాపు_మామ | 9:50

అమ్మా, ఈ పోస్టు అన్నిటికంటే పైన పిన్ చేయాలి.

ఎవడైతేనేం_99 | 10:15

అసలు ఆ డాక్టర్ వల్లే కర్నూల్లో కరోనా పాకింది అని అప్పట్లో వాట్సాప్‌లో తిరిగింది. ఆ విషయం ఎవరూ మాట్లాడరేం? అదీగాక ఆ మతం వాళ్లు

మోడరేటర్ | 10:21

పై పోస్టులో మిగతా భాగం తీసేశాను. మతం మీదికి పోతే టాపిక్ మూసేస్తా.

రాజవిహార్_సెంటర్ | 10:58

మూసేయకండి, మొదటి సగానికి జవాబు చెప్పాల్సిందే. 2020 ఏప్రిల్ గుర్తు తెచ్చుకోండి. రాష్ట్రంలో ఎక్కువ కేసులున్న జిల్లాల్లో మాదొకటి. లాక్‌డౌన్‌లో చాలా ప్రైవేటు ఓపీలకు తాళాలు. పీపీఈ కిట్లు పెద్దాసుపత్రుల్లోనే చాలడం లేదు. అలాంటప్పుడు తలుపు తెరిచి పెట్టిన డాక్టర్ దగ్గరికి జ్వరం ఉన్నవాళ్లూ వస్తారు, లేనివాళ్లూ వస్తారు. జబ్బు ఆయన దగ్గరికి రోగి రూపంలోనే వచ్చి ఉంటుంది. తర్వాత ఆయన దగ్గర చూపించుకున్నవాళ్లంతా టెస్టుకు రావాలని అధికారులు అడగాల్సి వచ్చింది, అదీ నిజమే. ఊరంతా వెళ్లే చోటు అయితే జాబితా పొడుగ్గానే ఉంటుంది.

అంత్యక్రియలకు ఇంటివాళ్లు నలుగురైదుగురే ఉన్నారు. మామూలు రోజుల్లో అయితే కొండారెడ్డి బురుజు దాకా జనం నిలబడేవాళ్లు. అదే వారంలో నెల్లూరు డాక్టర్ ఒకాయన చెన్నైలో కరోనాతో పోతే శ్మశానంలో దహనానికే అడ్డుపడ్డారు. చప్పట్లు కొట్టిన నెల తిరక్కుండానే.

డల్లాస్_తెలుగు | 11:40 (మాకు అర్ధరాత్రి దాటింది)

నాది ఎమ్మిగనూరు. ఇక్కడ మేం నలుగురైదుగురం కలిసి ఏదైనా చేద్దామనుకుంటున్నాం. ఒక చారిటీ హాస్పిటల్ కట్టాలంటే ఎంతవుతుంది? మదురై అరవింద్ కంటి ఆసుపత్రి 1976లో 11 పడకలతో మొదలై ఎక్కడికో వెళ్లింది కదా. డబ్బున్నవాళ్ల దగ్గర తీసుకుని లేనివాళ్లకు ఉచితంగా చేస్తారు. ఆ మోడల్ మన దగ్గర పెట్టొచ్చుగా.

హౌస్‌సర్జన్_బాధలు | మధ్యాహ్నం 12:05

అన్నా, శుక్లం ఆపరేషన్‌కూ జ్వరం ఓపీకి తేడా ఉంది. శుక్లం ఒక్కసారి చేస్తే అయిపోతుంది, ఒకే పని వేలసార్లు చేస్తారు కాబట్టి ఖర్చు దిగుతుంది. డబ్బున్న రోగి కూడా అక్కడికే వస్తాడు, ఎందుకంటే అక్కడ బాగా చేస్తారని పేరు. షుగరు రోగి నెలనెలా రావాలి, బతికినంత కాలం. డబ్బున్నవాడు ఆ బెంచీ మీద కూర్చోడు, హైదరాబాద్ పోతాడు. ఒకరి డబ్బుతో ఇంకొకరిని చూడటం ఇక్కడ కష్టం.

పీహెచ్‌సీ_సిస్టర్ | 12:20

దయచేసి బిల్డింగు మాత్రం కట్టకండి. పేర్లు చెక్కిన పాలరాయితో, లోపల తాళంతో ఉన్న "చారిటీ ఆసుపత్రులు" నేను చాలా చూశాను. మనిషికి జీతం ఇవ్వండి. ఒక ల్యాబ్ టెక్నీషియన్, ఒక ఫార్మసిస్టు. ఎవరూ ఫొటో తీసుకోని ఖర్చు అదే.

నెల్లూరు_ట్రంకురోడ్డు | 12:52

ఇంతసేపూ ఒక్కో మనిషి గురించే మాట్లాడుకుంటున్నారు. మా నెల్లూరులో ప్రజా వైద్యశాల ఉంది. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి గారు పెట్టింది. ఆయన రోగుల్ని చూడటమే కాదు, పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లకు ప్రథమ చికిత్స, ఇంజెక్షన్లు, ఏ రోగిని ఆపకుండా పైకి పంపాలి, ఇవన్నీ నేర్పి వెనక్కి పంపేవారు. ఆయన పోయాక కూడా వైద్యశాల ఆగలేదు, తర్వాతి డాక్టర్లు అందుకున్నారు. ఇస్మాయిల్ హుస్సేన్ గారి తర్వాత కర్నూల్లో ఆ బెంచీ మీద ఎవరు కూర్చున్నారు? అది అడగండి.

రెప్_రోజులు | 1:15

పార్టీ వెనక ఉంటే నడుస్తుంది సార్. ఒంటరి డాక్టర్‌కు పార్టీ ఎక్కడిది?

నెల్లూరు_ట్రంకురోడ్డు | 1:22

పార్టీయే అక్కర్లేదు. నలుగురు డాక్టర్లు వారానికి ఒక్కో సాయంత్రం పంచుకున్నా చాలు. ఒక్కడే మోస్తే ఇస్మాయిల్ గారి లాగా డెబ్బై ఆరేళ్లకు కూడా దించుకోవడానికి ఉండదు.

మెడికల్_షాపు_మామ | 1:40

కొత్తవాళ్లు లేరని కాదు. కడపలో నూరీ పర్వీన్ అనే డాక్టరమ్మ 2020లోనే పది రూపాయల ఓపీ మొదలుపెట్టింది, బెడ్డుకు యాభై. విజయవాడ అమ్మాయి, కడపలో చదివి అక్కడే ఉండిపోయింది. ఆ టైములో నేను "ఆరు నెలలు కూడా నడవదు" అని పందెం కాసిన వాళ్లను చూశాను. మధ్యప్రదేశ్‌లో జబల్‌పూర్ డాక్టర్ డావర్ గారు కూడా 1972లో రెండు రూపాయలతో మొదలుపెట్టి చివరికి ఇరవై దగ్గరే ఆగారు. పద్మశ్రీ వచ్చింది 2023లో, అంటే యాభై ఏళ్లు చూశాక.

చెన్నైలో వీరరాఘవన్ గారి మీదైతే చుట్టుపక్కల డాక్టర్లే గొడవపడ్డారట, కనీసం వంద తీసుకో అని. ఆ వంద మాట విన్నప్పుడల్లా నవ్వొస్తుంది.

గుంటూరు_గురవయ్య | 2:10

హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు 2018 నుంచి ఉన్నాయి కదా, మందులూ టెస్టులూ ఫ్రీ. మా వియ్యంకుడు అక్కడే చూపించుకుంటాడు. అవి చిన్న టౌన్లలో కూడా రాత్రి పూట నడిపితే ఈ చర్చే ఉండదు.

పీహెచ్‌సీ_సిస్టర్ | 2:18

గురవయ్య గారూ, పొద్దున మీ మీద కోపం వచ్చింది. ఇప్పుడు లేదు.

హౌస్‌సర్జన్_బాధలు | సాయంత్రం 5:30

పొద్దుటి నుంచి డ్యూటీలో చదువుతూనే ఉన్నా. ఒక ఆలోచన. మా బ్యాచ్ వాళ్లం ముగ్గురం నందికొట్కూరు దగ్గర్లోనే ఉంటాం. హౌస్‌సర్జన్సీ అయ్యి, పర్మనెంట్ రిజిస్ట్రేషన్ చేతికి వచ్చాక, పీజీ ఎంట్రన్స్‌కు చదువుకునే కాలంలోనే వారానికి ఒక రోజు, శనివారం, ముగ్గురం కలిసి ఓపీ పెట్టగలం. జీవితాంతం అని మాట ఇవ్వను, ఇప్పటికి పీజీ సీటు వచ్చేదాకా. ఫీజు ఇరవై. చీటీ చిన్నది, మామా, మీరు చెప్పినట్టే.

మెడికల్_షాపు_మామ | 5:41

నందికొట్కూరులో మా తోడల్లుడికి షాపు ఉంది. జనరిక్ మందులు పెట్టిస్తా. పక్క గది ఖాళీయే, అద్దె సంగతి నేను మాట్లాడతా. కానీ ఆ గదిలో ఫ్యాన్ పనిచేయదు, ముందే చెప్తున్నా.

డల్లాస్_తెలుగు | 6:05

ఫ్యాన్, ల్యాబ్ టెక్నీషియన్ జీతం మావి. బిల్డింగు కట్టంలేండి సిస్టర్ గారూ :) బీపీ మిషన్లు కూడా కొని పంపమంటే పంపుతాం.

బాపట్ల_అమ్మాయి | 6:22

ముగ్గురు ఉన్నారు కాబట్టి నెలలో ఒక శనివారం ఎవరో ఒకరు ఇంట్లో ఉండేలా చూసుకో తమ్ముడూ. ఇప్పుడే రాసి పెట్టుకో.

హౌస్‌సర్జన్_బాధలు | 6:30

సరే అక్కా. సాయంత్రం నాలుగు నుంచి ఆరు అనుకుంటున్నాం.

పీహెచ్‌సీ_సిస్టర్ | 6:34

నాలుగుకా? అప్పుడు వచ్చేది రిటైరైన టీచర్లే. ఏడు తర్వాత పెట్టండి. మిరప కోతల సీజన్‌లో అయితే ఎనిమిది.